కారు మోనోగ్రామ్ తీస్తే రంగు ఎందుకు లేస్తుంది?

క్లుప్తంగా: కారు మీది మోనోగ్రామ్‌ను, అంటే అంటించిన పేరు అక్షరాలను, లోగోను పట్టి ఉంచేది రెండు వైపులా జిగురు ఉండే ఫోమ్ టేపు. దాని కింద రంగు నాలుగు పొరలుగా ఉంటుంది. లాగినప్పుడు వీటిలో ఏది బలహీనమో అది తెగుతుంది. కంపెనీ వేసిన రంగు అయితే సాధారణంగా తెగేది ఫోమే. టచప్ చేసిన ప్యానెల్ అయితే రంగే లేచిపోవచ్చు. కాబట్టి ఏ పరికరం వాడాలి, ఏ ద్రావకం వాడాలి అన్న ప్రశ్నల కన్నా ముందు ఆ ప్యానెల్ రంగు అసలుదా, తర్వాత వేసిందా అన్నది తేల్చుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే ఈ పని తగులుతుంది. డిక్కీ మీద అమ్మిన షోరూమ్ పేరు, పాత యజమాని వేయించుకున్న పేరు, పార్టీ గుర్తు, రేడియం షాపులో అంటించిన అక్షరాలు తీసేయాలనిపిస్తుంది. కొందరికి మోడల్ పేరు కూడా లేకుండా డిక్కీ సాదాగా ఉండాలని ఉంటుంది. యూట్యూబ్‌లో చూస్తే రెండు నిమిషాల పని. అదే పనిని స్క్రూడ్రైవర్‌తో, థిన్నర్‌తో మొదలుపెట్టి చివరికి ప్యానెల్ మొత్తానికి పెయింటింగ్ చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. పని ఒకటే అయినా ఫలితం ఇంత తేడాగా ఎందుకు వస్తుందో తెలియాలంటే జిగురు, రంగు రెండూ ఎలా పనిచేస్తాయో చూడాలి.

మోనోగ్రామ్‌ను పట్టి ఉంచేది ఏమిటి

పాతకాలం కార్ల మీద లోహపు చిహ్నాలు ఉండేవి. వాటి వెనక పిన్నులు ఉండేవి, బాడీకి రంధ్రాలు చేసి లోపలి నుంచి బిగించేవాళ్లు. ఇప్పటి మోనోగ్రామ్‌లు ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత వేసినవి. బరువు తక్కువ కాబట్టి రంధ్రం అవసరం లేకుండా టేపుతోనే నిలబడతాయి. ఈ తరహా అక్రిలిక్ ఫోమ్ టేపుల్లో బాగా తెలిసినది 3ఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ.

ఈ టేపు మామూలు గమ్ లాంటిది కాదు. గమ్ ఆరి గట్టిపడి పట్టుకుంటుంది. ఫోమ్ టేపు జిగురు ఎప్పటికీ ఆరదు, పచ్చిగానే ఉంటుంది. నొక్కినప్పుడు రంగు మీది కంటికి కనిపించని గుంతల్లోకి నెమ్మదిగా పాకుతుంది. మామూలు వేడిలో అంటించిన 20 నిమిషాలకు పూర్తి బలంలో సగం వస్తుంది, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం. కొత్త మోనోగ్రామ్ వేయించాక మూడు రోజులు కారు కడగవద్దని చెప్పేది ఇందుకే. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన కారు మీద ఈ పట్టు ఎంత గట్టిగా ఉంటుందో ఊహించవచ్చు.

ఇలాంటి జిగురుకు ఒక గుణం ఉంది. నెమ్మదిగా లాగితే సాగుతుంది, ఒక్కసారిగా గుంజితే గట్టి పదార్థంలా ఎదురు తిరుగుతుంది. చలిలో మరీ బిర్రుగా ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున కారు తుడుస్తూ స్టిక్కర్‌ను గబుక్కున పీకితే రంగు పెచ్చు కూడా వెంట రావడానికి కారణం ఇదే. అప్పుడు జిగురు సాగదు, ఆ బలమంతా రంగు మీదే పడుతుంది.

ఇంకో గుణం దిశకు సంబంధించింది. మోనోగ్రామ్‌ను నిటారుగా బయటికి లాగినా, పక్కకు తోసినా బలం టేపు వైశాల్యమంతా పంచుకుంటుంది. కాబట్టి ఊడదు. ఒక అంచు నుంచి లేపితే బలమంతా ఆ అంచు దగ్గర సన్నని గీత మీదే పడుతుంది. టేపు ఓడిపోయేది అక్కడే. కానీ ఆ గీత కింద రంగు బలహీనంగా ఉంటే టేపు కన్నా ముందు అదే ఓడిపోతుంది.

కింద ఉన్న రంగు

కంపెనీలో బాడీకి రంగు నాలుగు పొరలుగా పడుతుంది. మొదట ఇనుప రేకును తొట్టిలో ముంచి కరెంటు సాయంతో పట్టించే తుప్పు నిరోధక పొర, దాని మీద ప్రైమర్, తర్వాత అసలు రంగు ఉండే బేస్ కోటు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోటు. కొన్ని కంపెనీలు ఇప్పుడు ప్రైమర్ పొరను కుదించేస్తున్నాయి. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఏడో వంతు కూడా ఉండదు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. గోటితో తగిలేంత లోతు గీత పడితే పాలిష్‌తో పోవడం కష్టం అనడంలో అతిశయం లేదు.

మందం తక్కువే అయినా కంపెనీ రంగు చాలా గట్టిది. దాన్ని దాదాపు 140 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో కాలుస్తారు. ఆ వేడికి రంగులోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. అలా అల్లుకున్న పొరను ద్రావకం కాసేపు ఉబ్బించగలదేమో కానీ తేలిగ్గా కరిగించలేదు.

షెడ్డులో వేసిన రంగు సంగతి వేరు. అప్పటికే కారులో సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ భాగాలు అన్నీ ఉంటాయి కాబట్టి 140 డిగ్రీలకు పంపలేరు. రంగు వేయడానికి మంచి బూత్ (మూసి ఉండే గది) ఉన్న చోట, రంగును గట్టిపరిచే హార్డెనర్ కలిపి వేసి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. దాన్ని సరిగ్గా చేస్తే అదీ గట్టిగానే నిలుస్తుంది. రోడ్డు పక్క షెడ్డులో తక్కువ ఖర్చుకు చేసే టచప్‌లలో మాత్రం హార్డెనర్ అవసరం లేని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు ఇప్పటికీ కనిపిస్తుంది. అది థిన్నర్ ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది, అణువులు ముడిపడటం వల్ల కాదు. మళ్లీ థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. పైగా పాత రంగును సరిగ్గా రుద్దకుండా దాని మీదే కొత్తది కొట్టి ఉంటే రెండింటి మధ్య పట్టు నామమాత్రమే. టేపుతో పాటు పెచ్చులుగా లేచేది ఈ రంగే.

టేపు బలానికి, రంగు బలానికి మధ్య ఈ పోటీ కొత్తది కాదు. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్లకు గిరాకీ పెరిగింది. రంగుల మధ్య గీత శుభ్రంగా రావడానికి పెయింటర్లు కాగితం అంటించి రెండో రంగు కొట్టేవాళ్లు. కాగితం తీసేటప్పుడు అప్పుడే వేసిన మొదటి రంగు దానితో లేచి వచ్చేది. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ పట్టణంలో ఒక షెడ్డులో ఈ అవస్థ చూసిన 3ఎం ఉద్యోగి రిచర్డ్ డ్రూ, రంగును వదిలి తాను మాత్రమే ఊడి వచ్చేంత జిగురుతో 1925లో మాస్కింగ్ టేపు తయారు చేశాడు. ఈనాటికీ పెయింటర్లు వాడుతున్నది అదే సూత్రం. మోనోగ్రామ్ టేపుది సరిగ్గా దీనికి వ్యతిరేకం, అది ఊడకుండా ఉండడానికే తయారైంది. కాబట్టి తీసే మనిషే ముందుగా దాన్ని బలహీనపరచాలి.

చేయి వేసే ముందు చూడాల్సినవి

మొదటిది, ఆ ప్యానెల్‌కు మళ్లీ రంగు పడిందా అన్నది. పాత కార్లు తనిఖీ చేసేవాళ్ల దగ్గర మందం కొలిచే పెయింట్ మీటర్ ఉంటుంది. మిగతా ప్యానెళ్లు 120 మైక్రాన్లు చూపిస్తూ డిక్కీ ఒక్కటే 250 చూపిస్తే అక్కడ రంగు మళ్లీ పడిందనే అర్థం. మీటర్ లేకపోయినా రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపరలు, తలుపు లోపలి మూలల్లో మాస్కింగ్ గీత, బోల్టుల తలల మీద పగిలిన రంగు, పక్క ప్యానెల్‌తో పోలిస్తే నారింజ తొక్కలా కనిపించే ఉపరితలం గుట్టు చెప్పేస్తాయి. టచప్ చేసి నెల కూడా కాకపోతే అసలు ముట్టుకోకపోవడం మంచిది, ఆ రంగు ఇంకా లోపల ఆరుతూనే ఉంటుంది.

రెండోది, మోనోగ్రామ్ వెనక పిన్నులు ఉన్నాయా అన్నది. ఇప్పటికీ చాలా కార్లలో కంపెనీ లోగోకు రెండు మూడు పిన్నులు ఉంటాయి, పక్కనున్న అక్షరాలకు ఉండవు. డిక్కీ లోపలి ట్రిమ్ తీస్తే రంధ్రాలు కనిపిస్తాయి. లోగో తీశాక ఆ రంధ్రాలు మిగిలిపోతాయి. సాదా డిక్కీ కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక అక్షరాలు, లోగో అన్నీ ఒకేసారి పీకి ఇబ్బంది పడతారు.

మూడోది బైకులకు ఎక్కువగా వర్తిస్తుంది. ట్యాంకు మీది గీతలు, పేర్లు చాలా బండ్లలో స్టిక్కర్లే అయినా వాటి మీద క్లియర్ కోటు కొట్టి ఉంటారు. గోరు అడ్డంగా పోనిచ్చి చూస్తే అంచు తగలదు. అలాంటి స్టిక్కర్‌ను తీయడమంటే రంగును తీయడమే, అది పెయింటర్ పని. అంచు తగిలే స్టిక్కర్ అయినా పెట్రోలు ఉన్న ట్యాంకు మీద హీట్ గన్ పెట్టకూడదు. ట్యాంకు మూత దగ్గర ఎప్పుడూ ఆవిరి ఉంటుంది, హీట్ గన్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది.

ముందు గ్రిల్‌లోని లోగో జోలికి వెళ్లేముందు కారులో ఆటోమేటిక్ బ్రేకింగ్ లాంటి సౌకర్యాలు ఉన్నాయేమో చూడాలి. కొన్ని మోడళ్లలో రాడార్ ఆ లోగో వెనకే కూర్చుని ఉంటుంది. దాని ముందు ఏ ప్లాస్టిక్, ఎంత మందంలో ఉండాలో కంపెనీ లెక్క వేసి పెడుతుంది. దాన్ని తీసి వేరేది అంటించినా, మీద రంగు కొట్టినా రాడార్ చూపు దెబ్బతినవచ్చు. అలాగే ముందు అద్దం లోపల ఉండే రిజిస్ట్రేషన్ స్టిక్కర్ అలంకారం కాదు. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్ల విధానంలో అది మూడో ప్లేటు లెక్క. డీజిల్ బండికి నారింజ, పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు లేత నీలం రంగులో ఉంటుంది. దాన్ని తీయకూడదు, తీస్తే చిరిగిపోయేలానే తయారు చేశారు.

వేడి చేసే పని

వేడికి జిగురు కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కరగదు. మోనోగ్రామ్ టేపులు 90 డిగ్రీల దాకా రోజుల తరబడి తట్టుకునేలా తయారవుతాయి, లేకపోతే మన వేసవిలో రోడ్డు పొడవునా మోనోగ్రామ్‌లు రాలిపోయేవి. వేడి చేసేది మెత్తబరచడం మాత్రమే. 50, 60 డిగ్రీల దగ్గర ఫోమ్ సాగడానికి సిద్ధమవుతుంది, అంతవరకు చాలు. ప్యానెల్ మీద చేయి పెడితే చురుక్కుమనాలి, కానీ రెండు మూడు సెకన్లు ఉంచగలగాలి. ఇంట్లో కొలత అదే.

హెయిర్ డ్రయ్యర్ గాలి సాధారణంగా 100 డిగ్రీల లోపే ఉంటుంది కాబట్టి దానితో రంగు కాలే ప్రమాదం తక్కువ. హీట్ గన్ మూతి దగ్గర 500 డిగ్రీలు కూడా దాటుతుంది. ఒకే చోట కొన్ని సెకన్లు నిలిపితే క్లియర్ కోటు పొంగుతుంది, ఏబీఎస్ మోనోగ్రామ్ వంకర పోతుంది. బంపర్ ప్లాస్టిక్‌దైతే అదీ మెత్తబడి ఆకారం మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు ఏ యంత్రమూ అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలిపిన ముదురు రంగు కారు మీద చేయి పెట్టలేం. అప్పుడు కాస్త నీడకు తెచ్చి పని మొదలుపెడితే సరిపోతుంది.

దారం ఎందుకు, బ్లేడు ఎందుకు కాదు

ఫోమ్ మెత్తబడ్డాక దాన్ని మధ్యలో కోయాలి. దీనికి మంచి పరికరం చేపల గాలానికి వాడే నైలాన్ దారం. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం కూడా పనికొస్తుంది, కాకపోతే త్వరగా తెగుతుంది. దారాన్ని మోనోగ్రామ్ వెనకకు పోనిచ్చి రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ లాగాలి. దారం మోనోగ్రామ్ వైపు ఆనుకుని నడవాలి, రంగు వైపు కాదు. ఇక్కడ జరిగేది గమనించదగ్గది: రంగుకు, జిగురుకు మధ్య పట్టు జోలికే పోకుండా ఫోమ్ కడుపును కోస్తున్నాం. రంగు మీద లాగే బలం దాదాపు ఏమీ పడదు. టచప్ చేసిన ప్యానెల్ మీద కూడా దీనివల్లే కొంత భరోసా ఉంటుంది.

పతంగుల మాంజా మాత్రం వాడకూడదు. దాని మీద గాజు పొడి పూత ఉంటుంది, నాలుగు లాగుడులకే క్లియర్ కోటు మీద గరుకు చార పడుతుంది. మామూలు దారమైనా ప్యానెల్ మీద దుమ్ము ఉంటే అదే పని చేస్తుంది. అందుకే ముందు షాంపూతో కడిగి, అక్షరాల సందుల్లో మట్టిని మెత్తటి బ్రష్‌తో తీసి ఆరనివ్వాలి. మోనోగ్రామ్ చుట్టూ రెండు వరుసల మాస్కింగ్ టేపు వేసుకుంటే చేయి జారినా రంగుకు తగలదు. టచప్ పడిన ప్యానెల్ మీద మాత్రం ఆ టేపు కూడా వేయకపోవడమే మేలు.

లోగోకు పిన్నులు ఉంటే దారం ఒక చోట ఆగిపోతుంది. అక్కడ బలం ఉపయోగించకుండా చుట్టూ ఫోమ్ అంతా కోసి, లోగోను నిటారుగా బయటికి తీయాలి. మెలితిప్పితే పిన్ను విరిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది, రంధ్రం అంచున రంగు పగులుతుంది. బ్లేడు, స్క్రూడ్రైవర్‌లతో అంచు లేపడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 50 మైక్రాన్ల పొర మీద ఉక్కు అంచు ఒక్కసారి జారినా చాలు. అంచు లేపక తప్పకపోతే పాత ఏటీఎం కార్డుకు మైక్రోఫైబర్ బట్ట చుట్టి వాడవచ్చు. గాజు అద్దం మీది స్టిక్కర్‌కైతే బ్లేడు పనికొస్తుంది, కానీ వెనక అద్దం లోపలి వైపు మంచు తుడిచే సన్నని తీగలు ఉంటాయి, అక్కడ మాత్రం కాదు.

మిగిలిన జిగురు

మోనోగ్రామ్ వచ్చేశాక రంగు మీద నల్లటి ఫోమ్ పొర అక్షరాల ఆకారంలో మిగులుతుంది. ఎక్కువమంది ఓపిక పోయేది ఇక్కడే. సగం జిగురు ఏ ద్రావకం లేకుండానే పోతుంది. మళ్లీ కాస్త వేడి చేసి బొటనవేలితో ఒక అంచు నుంచి దొర్లిస్తే ఫోమ్ ఉండలు ఉండలుగా చుట్టుకుని వస్తుంది. జిగురు అనేది రంగు కన్నా తన సాటి జిగురునే గట్టిగా పట్టుకుంటుంది. తీసిన ఉండతోనే మిగిలిన దాన్ని అద్ది లేపవచ్చు, గట్టి ప్యాకింగ్ టేపు అద్ది లాగినా వస్తుంది.

ఆ తర్వాత మిగిలే పల్చటి బంకకే ద్రావకం కావాలి. ఏది వాడాలన్న దాని మీద రకరకాల సలహాలు వినిపిస్తాయి కాబట్టి ఒక్కొక్కటి ఎందుకు పనిచేస్తుందో చూడటం మంచిది. కిరోసిన్, రంగుల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు ఒక కుటుంబానివి. ఇవి పెట్రోలియం నుంచి వచ్చే నూనె లాంటి ద్రావకాలు. జిగురులోకి చొరబడి దాన్ని ఉబ్బించి పట్టు సడలిస్తాయి, గట్టిపడిన క్లియర్ కోటును దాదాపు ఏమీ చేయవు. నీలగిరి తైలం, నారింజ తొక్క నుంచి తీసిన ద్రావకం ఉన్న క్లీనర్లు ఇంకో కుటుంబం, ఇవి జిగురును ఇంకాస్త వేగంగా కరిగిస్తాయి, మంచి వాసన కూడా. కొబ్బరి నూనె చవక స్టిక్కర్ల బంక మీద పని చేస్తుంది, అక్రిలిక్ ఫోమ్ మీద మాత్రం చాలా నెమ్మది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ జిగురు తీయడంలో వెనకబడుతుంది కానీ చివర్లో నూనె జిడ్డు తుడవడానికి మంచిది.

పెట్రోలు పని చేస్తుంది, నిజమే. కానీ గది వేడిలోనే మండే ఆవిరి వదులుతుంది, పీల్చడానికి కూడా మంచిది కాదు. అదే పని కిరోసిన్ చేస్తున్నప్పుడు పెట్రోలు అవసరమే లేదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో అసిటోన్ ఉంటే అది ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఎన్‌సీ థిన్నర్ సంగతి మరీ ఘోరం. దాని తయారీయే రంగును కరిగించడానికి. కంపెనీ రంగు మీద కాసేపు తట్టుకున్నా, టచప్ రంగు మీద బట్టతో పాటు రంగే వచ్చేస్తుంది. షెడ్డులో మెకానిక్ థిన్నర్ డబ్బా చేతిలోకి తీసుకుంటే ఆపి, ఈ ప్యానెల్ అసలు రంగేనా అని అడగడం కారు యజమాని హక్కు. డిక్కీ మీది అక్షరాల పక్కనే టెయిల్ లైట్లు ఉంటాయి. వాటి ప్లాస్టిక్ మీద ఘాటైన ద్రావకం పడితే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, అవి పాలిష్‌తో పోవు.

ద్రావకం ఏదైనా ముందు కంటికి కనపడని చోట, డిక్కీ అంచు కింద, బట్ట తడిపి ఒక నిమిషం అద్ది చూడాలి. బట్టకు రంగు అంటినా, ఆ చోట మెరుపు తగ్గినా, వేలికి జిగటగా తగిలినా ఆ ద్రావకాన్ని పక్కన పెట్టాలి. వేడి చేసే పని ఎండలో సులువు, ద్రావకం పని మాత్రం నీడలోనే. కాలుతున్న ప్యానెల్ మీద ద్రావకం జిగురులోకి ఇంకేలోపే ఆవిరైపోతుంది, మిగిలిన బంక పూసినట్టు పరుచుకుంటుంది. తడిపిన బట్టను నాలుగైదు నిమిషాలు జిగురు మీద ఉంచి, తర్వాత ఒకే దిశలో తుడిచి, ప్రతి తుడుపుకూ బట్ట మడత మార్చాలి. రుద్దడం మొదలుపెట్టారంటే ద్రావకానికి సమయం ఇవ్వలేదని అర్థం.

పెద్ద పెద్ద స్టిక్కర్ల బంకకు డ్రిల్లు మెషీన్‌కు తగిలించే రబ్బరు చక్రాలు దొరుకుతాయి. రబ్బరు రాపిడికి జిగురు ఉండ చుట్టుకుని వచ్చేస్తుంది. కంపెనీ రంగు మీద, తక్కువ వేగంలో, ఒక చోట ఆపకుండా నడిపితే పని వేగంగా అవుతుంది. అదే రాపిడి వేడి పుట్టిస్తుంది కాబట్టి బంపర్ల మీద, టచప్ రంగు మీద ఇది సరైన పరికరం కాదు.

తీశాక కనిపించే ఆనవాలు

అంతా శుభ్రమయ్యాక కూడా కొన్ని కార్ల మీద పాత అక్షరాలు నీడలా కనిపిస్తాయి. మోనోగ్రామ్ కింద రంగు ఎండ చూడలేదు, చుట్టూ ఉన్నది ఏళ్ల తరబడి ఎండకు, వానకు, తుడుపు గుడ్డ గీతలకు నలిగింది. ఈ తేడా రెండు చోట్ల ఉంటుంది. క్లియర్ కోటు పైపొర మసకబారడం, బోరు నీళ్ల సున్నపు మరకలు, సన్నని గీతలు ఒక భాగం. వీటిని కాంపౌండ్ (రుద్దే పేస్టు), పాలిష్‌తో చాలావరకు సరిచేయవచ్చు, అందుకు రెండు మూడు మైక్రాన్ల క్లియర్ కోటు ఖర్చవుతుంది. రెండో భాగం బేస్ కోటులో రంగే వెలిసిపోవడం. ఎర్ర కార్ల మీద ఇది ఎక్కువ, తెల్ల కార్ల మీద అంతగా తెలియదు. అది పాలిష్‌కు అందే లోతులో ఉండదు. రుద్దే కొద్దీ క్లియర్ కోటు పల్చబడటమే తప్ప ఆ అక్షరాలు పోవు. రెండుసార్లు పాలిష్ చేశాక కూడా ఆనవాలు అలాగే ఉంటే అక్కడితో ఆపాలి.

పాలిష్ చేసిన చోట వ్యాక్స్ తప్పనిసరిగా వేయాలి, ద్రావకం పాత వ్యాక్స్‌ను పూర్తిగా కడిగేసి ఉంటుంది. పిన్నుల రంధ్రాలు మిగిలితే వాటిని వానలు రాకముందే చూసుకోవాలి. రేకు అంచున రంగు పగిలి ఇనుము బయటపడి ఉంటే టచప్ పెన్నుతో ఒక చుక్క రంగు పెట్టి, ఆరాక రంధ్రానికి సరిపోయే రబ్బరు బిరడా బిగించాలి. అలా వదిలేస్తే నీళ్లు డిక్కీ తలుపు లోపలికి దిగి, బయటికి కనిపించని అడుగు మడత నుంచి తుప్పు మొదలవుతుంది.